సముద్రము దాటవలసిన సంతకము

కోనసీమవారికి సముద్రయానము క్రొత్తది కాదు. కోరంగి, కాకినాడ రేవులనుండి బర్మాకేగిన మన కూలీలకు రంగూనునందు 'కోరంగీ'లనియే పేరు వచ్చినది. బర్మా భారతదేశమున భాగమై యున్నంతకాలము వారి యుత్తరములు స్వదేశపు టపాలోనే నడచినవి. 1937 ఏప్రిలు 1వ తేదీన దానిని వేరుచేయగా తపాలా బిళ్లలును వేరైనవి. 1942 మార్చిలో రంగూను జపానువారి వశము కాగా నా మార్గమే మూతపడినది. ప్రభుత్వములు గీసిన గీతల ఫలమును మొదట ననుభవించినది బీదవాని యుత్తరము.

ఆ కష్టము గతించినదని తలపరాదు. 1874లో బెర్ను నగరమున కుదిరిన తపాలా సంధి సభ్యరాజ్యములన్నియు నొకే తపాలాసీమ యని ప్రకటించినది. మన దేశము 1876లోనే యందు జేరినది. అట్లుండియు 2025 ఆగస్టులో అమెరికా సుంకపు నియమములను మార్చగా, మన తపాలాశాఖ ఆ దేశమునకు మొదట పార్సెళ్లను, పిదప నుత్తరములను సైతము నిలిపివేసినది. అక్టోబరు 15వ తేదీ వరకు సేవ సంపూర్ణముగ పునరుద్ధరింపబడలేదు.

ముక్తేశ్వరము రేవున పంటుకొరకు వేచియున్న తల్లి కువైటులోని కుమార్తెను ఫోనులో జూచి మాటాడుచుండగా నుత్తరముతో బనియేమి యని కొందరనవచ్చును. మాట గాలిలో బోవును. హక్కు కాగితముపై నడచును. విదేశముననున్నవాడు స్వగ్రామమందలి కొబ్బరితోటను మరియొకనిచే విక్రయింపజేయవలెనన్న ముక్తారునామా, అనగా జనరల్ పవరు, వ్రాసి పంపవలెను. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 33వ సెక్షను ననుసరించి దానిని నోటరీయో, న్యాయాధికారియో, భారత కాన్సలో ధ్రువీకరింపవలెను. 1899 నాటి స్టాంపు చట్టము 18వ సెక్షను ననుసరించి యది దేశము చేరిన మూడు నెలలలో స్టాంపు చేయింపవలెను. కావున సిరాతో సంతకము చేసిన యసలు పత్రమే సముద్రము దాటి రావలెను.

కాన్సలు కార్యాలయము దూరము. కూలివానికి సెలవు దుర్లభము. దుబాయి వంటి చోట్ల చిరకాలముగ నుత్తరములు పోస్టుబాక్సులకే చేరుచున్నవి. ఆ పెట్టె పలువురకు యజమానిదే. యజమాని చేతిమీదుగా వచ్చు నుత్తరమునకు రహస్య మెక్కడిది? సాధారణపు టపాలో వేసిన పత్రము తప్పిపోయిన, కథ మరల మొదటికి వచ్చును. ఆ భయముచే కొరియరు కంపెనీకి కష్టార్జితమును ధారపోయవలసి వచ్చుచున్నది.

ఈ చిక్కు కొంత మన చట్టము కల్పించినదే. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానిక్ సంతకము నంగీకరించియు ముక్తారునామాను మినహాయించినది. 2022లో నిచ్చిన సడలింపు బ్యాంకుల వంటి సంస్థలకు మేలుచేసినదే కాని సామాన్యుని దరిజేరలేదు. కపటపు పత్రములతో పరదేశస్థుల భూము లపహరింపబడునను శంక న్యాయమైనదే. కాని కాన్సలు తాను ధ్రువీకరించిన పత్రమును సబ్ రిజిస్ట్రారుకు తానే నేరుగ పంపినచో, పది చేతులు మారు కాగితముకంటె నది సురక్షితము కాదా?

ప్రవాసుల ధనమును స్వాగతించు ప్రభుత్వము వారి సంతకమునకును దారి చూపవలెను. చట్టమును సవరించి, కాన్సలు కార్యాలయములను రిజిస్ట్రేషను శాఖతో గలుపుట దుస్సాధ్యము కాదు. క్షణములో ముక్తినొసగు దైవమని మనము గొలుచు ముక్తేశ్వరుని సీమలో నొక సంతకమునకు నెలలు పట్టుట మనకు గౌరవము కాదు.