శశిరేఖ ఏ భారతంలో ఉంది?

టీవీలో మహాభారతం చూసే పిల్లలు మనల్ని ఇరకాటంలో పెట్టే ప్రశ్న ఇది. 1988లో దూరదర్శన్‌లో మొదలై 94 భాగాలు సాగిన బి.ఆర్. చోప్రా 'మహాభారత్'లో అభిమన్యుడి పెళ్లి ఉత్తరతోనే. శశిరేఖ లేదు, ఆమె వేషంలో ఘటోత్కచుడు చేసే అల్లరీ లేదు. వ్యాసభారతంలోనూ ఇవి లేవు. "అయితే అమ్మమ్మ చెప్పిందంతా అబద్ధమేనా?" అంటారు పిల్లలు.

కాదనే మేమంటాం. అది జనం అల్లుకున్న కథ. సురభి వాళ్లు నాటకమాడారు. 1957లో కె.వి. రెడ్డి గారి 'మాయాబజార్'తో ఇంటింటి కథ అయిపోయింది. మనం స్థిరపడ్డ చోట్ల కూడా ఈ పిల్ల ఉంది. అదే ఏడాది వచ్చిన తమిళ 'మాయాబజార్'లో ఆమె పేరు వత్సల. మరాఠీ వాళ్లకి సురేఖ. బాబూరావు పెయింటర్ 1921లోనే 'సురేఖా హరణ్' అని మూకీ తీశారు. అంటే మన పక్కింటి వాళ్లకీ తెలిసిన కథే, పేరొక్కటే వేరు.

కాబట్టి సీరియల్ మాన్పించనక్కర్లేదు. ఇది వ్యాసుడు చెప్పింది, ఇది మనవాళ్లు కల్పించుకున్నది అని విడమరిచి రెండూ చెబితే చాలు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, చెవిన పడేదే వాళ్లకి తెలుగు. అసమదీయులు, తసమదీయులు, దుషటచతుషటయం లాంటి మాటలకి వాళ్లు పడీపడీ నవ్వాలంటే ఆ కథ తెలుగులోనే వినాలి. హిందీ సీరియల్ ఆ పని చెయ్యదు. మనమే చెయ్యాలి.