సైకిలు బూటు కొనేముందు కాలి కొలత

నల్గొండ జిల్లాలో సైకిలు పందాలకు తయారయ్యే పిల్లలు ఈమధ్య కనిపిస్తున్నారు. తెల్లవారకముందే నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు మీద, సాగర్ రోడ్డు మీద వంపు హ్యాండిలు సైకిళ్లతో ఇద్దరు ముగ్గురు చొప్పున ఎదురవుతున్నారు. సంతోషించదగిన విషయమే. అయితే ఈ పిల్లల ఇళ్లలో సైకిలు తర్వాత పెద్ద ఖర్చుగా వచ్చి కూర్చున్నది బూట్లు. వేలు పోసి తెప్పించిన బూట్లు కాలికి సరిపడక మూలపడడం విచారకరం. కొలత చూడకుండా కొనడమే దీనికి ప్రధాన కారణం.

ఈ బూటు సంగతి తెలియని వారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. మామూలు బూటు సోలు వంగుతుంది. దీని సోలు నైలానుతోనో కార్బన్‌తోనో చేసినది, వంగదు. అడుగున మూడు మరలతో క్లీట్ అనే ప్లాస్టిక్ ముక్క బిగిస్తారు. అది పెడలులో టక్కున పట్టుకుంటుంది, మడమ పక్కకు తిప్పితే విడిపోతుంది. పూర్వం పందెగాళ్లు పాదాన్ని తోలు పట్టీతో పెడలుకు కట్టుకునేవారు. 1985లో బెర్నార్ ఇనో ‘లుక్’ కంపెనీ వారి ఈ కొత్తరకం పెడళ్లతో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన తర్వాత పట్టీలు క్రమంగా మూలకు పోయాయి. నిమిషానికి 90 సార్లు తొక్కే కుర్రాడి పాదం గంటలో 5,400 సార్లు ఒకే చోట ఒత్తుకుంటుంది. అందువల్ల ఇరుకు బూటు నడకలో కంటే ఇక్కడ ఎక్కువ బాధిస్తుంది.

ఇక మన పాదం సంగతి. పొలంగట్ల మీద వట్టి కాళ్లతో పెరిగిన పాదం వేళ్ల దగ్గర విచ్చుకుని ఉంటుంది. దీన్ని లోపంగా భావించి సిగ్గుపడే పిల్లలున్నారు. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. 1992లో మణిపాల్ వైద్యులు 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి ఫలితాలు ప్రచురించారు. చెప్పులు, బూట్లు తొడిగే పిల్లల్లో నూటికి 8.6 మందికి చదును పాదాలు ఉండగా, వట్టి కాళ్లతో తిరిగేవారిలో 2.8 మందికే ఉన్నాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో లక్షమందికి పైగా పాదాలు కొలిపించింది. ఐరోపా, అమెరికా వారికంటే మనవారి పాదం వెడల్పు అని అందులో తేలింది. ‘భ’ అనే పేరుతో మన కొలతల పద్ధతి ఒకదాన్ని కూడా ఆ సంస్థ ప్రతిపాదించింది. పందెం సైకిలు బూట్లలో చాలా వాటికి మాత్రం ఐరోపా వారి సన్నని అచ్చే ఆధారం.

మిర్యాలగూడ వైపు ఒక తండా కుర్రవాడు ఉన్నాడు. బాగా తొక్కుతాడు. వడ్లు అమ్మిన డబ్బులో వాళ్లమ్మ ఇచ్చిన దానితో కార్బన్ సోలు బూట్లు ఫోనులో తెప్పించుకున్నాడు. పదిహేను కిలోమీటర్లకు చిటికెన వేలు మంట, ముప్పయికి పాదమంతా తిమ్మిరి. ఇప్పుడు పట్టీలు విప్పుకుని తొక్కుతున్నాడు. పట్టీ విప్పితే మడమ లేస్తుంది, మడమ లేస్తే తొక్కుడు బలం వృథా. ‘అలవాటైతే సర్దుకుంటుంది’ అని తోటివారు ధైర్యం చెబుతున్నారట. తోలు చెప్పు సాగుతుంది గనుక ఆ మాట దానికి చెల్లుతుంది. కార్బన్ సోలు ఎన్నేళ్లు తొడిగినా వెడల్పు కాదు. ముందరి వేళ్ల సందుల్లో పోయే నరాలు నొక్కుకుపోవడం వల్లే ఈ మంట, తిమ్మిరి వస్తాయి. బండి దిగాక కూడా తిమ్మిరి వదలకపోతే డాక్టరుకు చూపించాలి.

ఖరీదైన సోలు ఉంటేనే గెలుపు అన్న భ్రమ కూడా వదలాలి. 2016లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారు పరీక్షించి చూశారు. 150 వాట్ల లోపు నిలకడగా తొక్కేటప్పుడు మామూలు పరుగు బూట్లకు, క్లీట్ బూట్లకు శక్తి ఖర్చులో తేడా కనిపించలేదు. చివరి దౌడులో, ఒక్కసారిగా బలమంతా పెట్టి తొక్కేటప్పుడు క్లీట్ బూటు ఉపయోగం తప్పక ఉంది. అయితే కొత్తగా నేర్చుకునే వానికి నైలాను సోలు చాలు. అది కాలికి సరిపోయేదై ఉండాలి.

కొలత తీయడానికి యంత్రం ఏదీ అక్కరలేదు. మన ఊళ్లలో చెప్పులు కుట్టే పెద్దలు చేసిన పనే చేయాలి. కాలు తోలు మీద పెట్టించి చుట్టూ గీత గీసి, ఆ గీతకు కోసేవారు. నంబరు అనేది వారికి తెలియదు, చెప్పు మాత్రం కరవలేదు. అదే విధంగా సాయంత్రం పూట, కాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, తొక్కేటప్పుడు వేసుకునే మేజోడుతోనే కాగితం మీద నిలబడాలి. కూర్చుని కొలిస్తే పాదం పూర్తిగా పరుచుకోదు. పెన్సిలు నిలువుగా పట్టి మరొకరు గీయాలి. మడమ నుంచి అన్నిటికంటే పొడవైన వేలి కొస వరకు పొడవు. కొందరికి బొటనవేలి కంటే రెండో వేలే పొడవు, అది మరువరాదు. బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి మొదలు వరకు వెడల్పు. రెండు కాళ్లూ గీయాలి, పెద్దది ఏదైతే దాని లెక్కనే కొనాలి. ఇంట్లో తొడిగే బూటు నంబరు చెప్పి తెప్పించడం పనికిరాదు. ఐరోపా లెక్కలో ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. షిమానో వారి పట్టికలో 42 నంబరు అంటే 26.5 సెంటీమీటర్ల పాదం. మరో కంపెనీ 42 ఇంతే ఉంటుందన్న భరోసా లేదు. పొడవు సరిపోయి వెడల్పు చాలకపోతే పెద్ద నంబరుకు పోవద్దు. ‘వైడ్’ అని విడిగా చేసే రకాలున్నాయి, షిమానోలో ఉన్నాయి, లేక్ కంపెనీలో ఉన్నాయి.

మన ఇళ్లలో మరో అలవాటు ఉంది. పెరిగే కాలు గదా అని రెండు నంబర్లు పెద్దవి కొంటారు. బడి బూట్లకైతే కొంత నడిచిపోతుంది. సైకిలు బూటు పెద్దదైతే పాదం లోపల జారుతుంది, వేళ్లతో సోలును పట్టుకుంటూ తొక్కాలి, క్లీట్ ఉండవలసిన చోట ఉండదు, క్రమంగా మోకాలి నొప్పి మొదలవుతుంది. కాలు ఎదుగుతున్న పిల్లవానికి మామూలు పెడలు, గట్టి సోలు క్యాన్వాస్ బూటు చాలునని ఈ విలేకరి అభిప్రాయం.

బూటు ఇంటికి వచ్చిన వెంటనే క్లీట్ బిగించరాదు. చాప మీద అరగంట తొడిగి చూడాలి. వేళ్లు కదలాలి, మడమ లేవకూడదు. సోలు గీతలు పడ్డాక వాపసు తీసుకోరు. క్లీట్ బిగించేటప్పుడు బొటనవేలి మొదట్లోని ఎముక పెడలు ఇరుసుకు సరిగ్గా పైన గానీ, రవ్వంత ముందుకు గానీ పడాలి. మడమ కొద్దిగా అటూ ఇటూ తిరిగే క్లీట్ కొత్తవారి మోకాళ్లకు మేలు. రంగు చూసి మోసపోవద్దు. షిమానోలో పసుపు క్లీట్ 6 డిగ్రీలు తిరుగుతుంది, ఎరుపు అసలు తిరగదు. లుక్‌లో ఎరుపుది 9 డిగ్రీలు.

ఇంత జాగ్రత్త చెప్పినా, తొడిగి చూసి కొనడానికి మించినది లేదు. అందుకు మన పిల్లలు హైదరాబాద్ పోవలసి వస్తున్నది. జిల్లా క్రీడల శాఖ వారు పాదం కొలిచే రేకు ఒకటి, 36 నుంచి 44 నంబరు వరకు ఒక్కొక్క జత నైలాను సోలు బూట్లు, వాటిలో కొన్ని వెడల్పు రకం, స్టేడియంలో ఉంచితే చాలు. ఖర్చు ఒక కార్బన్ సైకిలు ధరకు మించదు. ఆడపిల్లల నంబర్లు మరచిపోకుండా, ఈ ఏర్పాటు వచ్చే ఎంపికలకు ముందే జరగాలని కోరుతున్నాం.