పాత కారు - కొత్త బ్రేకు

"కొత్తొక వింత, పాతొక రోత" అన్నారు పెద్దలు. మా ఇంట్లో ఈ సామెత సగమే చెల్లుతుంది. బాబాయికి పాత రోత అయితే, తాతయ్యకు కొత్త రోత. వీళ్ళిద్దరి మధ్యా నలిగిపోతున్నది 1972 నాటి మార్క్ టూ అంబాసిడర్ కారు.

పొగాకు మంచి ధర పలికిన ఏడాది తాతయ్య దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఒక్క నట్టు కూడా మార్చొద్దంటాడు. బాబాయేమో ఇసుజు ఇంజను బిగిద్దాం, డాష్‌బోర్డు కోసి స్క్రీను పెడదాం అంటాడు. ఇద్దరిదీ ప్రేమే. కాని ఇద్దరి వాదంలోనూ లోపముందని నా అభిప్రాయం.

ముందు తాతయ్య సంగతి. పోయిన ఏడాది కోతలప్పుడు కాలవ వంతెన దిగుతుంటే బ్రేకు అందలేదు. కారు పోయి పోయి రోడ్డు మీద ఆరబోసిన ధాన్యంలో దిగబడి ఆగింది. పార పట్టుకున్న మనిషి పక్కకు దూకాడు కాబట్టి సరిపోయింది. విప్పి చూస్తే రబ్బరు గొట్టం పగిలి బ్రేకాయిలంతా కారిపోయి ఉంది. 'ఒరిజినల్' అని తాతయ్య మార్చనివ్వని గొట్టమే అది!

ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, నాలుగింటికీ ఆయిలు దారి ఒక్కటే. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. పైగా వేగం రెండింతలైతే గతిజ శక్తి నాలుగింతలవుతుందని మనమంతా చదువుకున్నదే. ఆ శక్తినంతా బ్రేకులే వేడిగా మార్చాలి. 1972 నాటి రోడ్డుకు సరిపోయిన బ్రేకు ఇవాళ్టి హైవేకు సరిపోతుందా?

అసలు పెట్రోలే ఆనాటిది కాదు. అప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. 2000 సంవత్సరంలో దేశమంతటా అది ఆగిపోయింది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం దాకా ఇథనాలు కలిసిన పెట్రోలు. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును పాడుచేస్తుంది. తాగే నీళ్ళే మారినప్పుడు గొట్టం మార్చనంటే ఎలా?

మన ఊళ్ళలో ఎడ్లబండికి కర్ర చక్రాలు తీసి టైర్లు వేశారు. ఎడ్లకు బరువు తగ్గింది. దాన్ని బండి కాదని ఎవరైనా అన్నారా?

ఇక బాబాయి మాట. "కంపెనీ వాళ్ళే ఇసుజు ఇంజను పెట్టారు గదరా" అంటాడు. నిజమే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా ఉత్తరపారాలో తయారైన ఈ కారుకు 1990లలో ఆ ఇంజను వచ్చింది. కాని వాళ్ళు పెట్టింది కొత్త కార్లకు. పాతవాటిని కోసి కాదు. ఉత్పత్తి 2014లోనే ఆగిపోయింది. ఇవాళ కోసిన డాష్‌బోర్డు రేపు కావాలంటే ఎక్కడి నుంచి తెస్తాం? స్టీరింగు పక్కన గేరు, ఆ 1489 సి.సి. ఇంజను చప్పుడు పోయాక మిగిలేది ఉత్త డొక్కే.

చట్టం సంగతీ ఉంది. ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన సొంత కారును వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. కాని ఛాసీ, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలా నమోదయ్యాక రోజువారీ పనులకు తిప్పకూడదు కూడా. కనుక కారు సంతకు వెళ్ళాలా, ప్రదర్శనకు వెళ్ళాలా అన్నది ఇంటివాళ్ళు ముందే తేల్చుకోవాలి.

నా లెక్క ఇది: ప్రాణానికి సంబంధించినది వెంటనే మార్చాలి. మిగతావాటిలో మళ్ళీ విప్పి యథాస్థితికి తేగలిగినదే మార్చాలి. కోసేది, వెల్డింగు చేసేది అసలొద్దు. మేం గొట్టాలన్నీ కొత్తవి వేయించాం. ఆయిలుకు రెండు దారులుండే మాస్టర్ సిలిండరు పెట్టించాం. ఒకటి పోయినా రెండోది ఆపుతుంది. ముందు సీట్లకు బెల్టులు కట్టించాం. ఇంజను జోలికి పోలేదు.

"ఒరేయ్, విప్పిన సామాను పారేశారో ఊరుకోను" అన్నాడు తాతయ్య. గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాం. ఏ రోజు ఏది మార్చామో నోటుబుక్కులో రాశాం. బాబాయి స్క్రీను గొడవ ఇంకా తెగలేదు.

మిత్రులారా! మీ ఇంట్లో కూడా పాత కారో, జీపో, స్కూటరో ఉంటే ఈ సెలవుల్లో ముందు దాని బ్రేకు చూడండి. రంగు సంగతి తర్వాత.