బీవీ మీద జోక్ హలాల్, బీవీ వేస్తే హరామా?

మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఫజర్ తర్వాత రెండు మెసేజ్‌లు వస్తాయి. మొదట ఒక దువా. పది నిమిషాలకు ఒక బీవీ జోక్. రెండూ పెట్టేది మా దుల్హే భాయే. బీవీ నోరు, బీవీ ఖర్చు, బీవీ మైకా పోతే మియాకు ఈద్ – ఇవే అటు మార్చి ఇటు మార్చి తిప్పుతుంటాడు. 2025లో మీరట్‌లో ఒక భర్త శవం సిమెంటు పోసిన నీలం డ్రమ్ములో దొరికినప్పుడైతే చాలా రోజులు డ్రమ్ము జోకులే నడిచాయి. ఒక మనిషి జాన్ పోయింది, దాని మీద నవ్వొచ్చా అని ఒక్క బుజుర్గ్ కూడా అడగలేదు.

మొన్న మా భాంజీ అదే గ్రూపులో, “‘డార్లింగ్స్’ సినిమా చాలా బాగుంది, అందరూ చూడండి” అని పెట్టింది. ఖయామత్ వచ్చినంత పనైంది. “తౌబా తౌబా, మన ఖౌమ్‌ను బద్నామ్ చేసే సినిమా” అని ఒకరు. “ఆడపిల్లలకు ఖూన్ చేయడం నేర్పుతారా?” అని ఇంకొకరు. “రిష్తాలు చూస్తున్న పిల్ల ఇట్లాంటివి పెట్టొచ్చా?” అని మూడోవారు. అరగంటలో పిల్ల మెసేజ్ తీసేసింది. నీలం డ్రమ్ము జోకులు మాత్రం గ్రూపులో ఇంకా భద్రంగా ఉన్నాయి.

అందుకే ఈ రాత.

చూడనివాళ్ల కోసం కథ చెప్తాను, ఆఖరు కూడా చెప్పేస్తాను, మాఫ్ చేయండి. జస్మీత్ కె. రీన్ తీసిన ఈ హిందీ సినిమా 2022 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ముంబై బైకుల్లాలో ఒక చాల్. అందులో బద్రున్నిసా, ఆమె షోహర్ హంజా. అదే చాల్‌లో ఇంకో ఇంట్లో ఆమె తల్లి షంషున్నిసా. బద్రుగా ఆలియా భట్, అమ్మీగా షెఫాలీ షా, హంజాగా మన హైదరాబాద్ విజయ్ వర్మ. హంజా రైల్వే టికెట్ కలెక్టర్. పై ఆఫీసర్ ముందు పిల్లి. ఇంటికొచ్చి తాగితే షేర్. అన్నంలో రాయి పంటికి తగిలిందా, చెయ్యి లేస్తుంది. పొద్దున్నే మళ్లీ మొహబ్బత్, మాఫీ, “డార్లింగ్” అన్న పిలుపు. చుట్టూ ఉన్న జనానికి అంతా వినిపిస్తూనే ఉంటుంది. పోలీస్ స్టేషన్ దాకా పోయిన ఫిర్యాదును బద్రు తానే వాపస్ తీసుకుంటుంది, తాగుడు మానితే బాగుపడతాడన్న ఆశతో. ఆఖరికి కడుపుతో ఉన్న ఆమెను అతను మెట్ల మీది నుంచి తోసేస్తాడు. బిడ్డ పోతుంది. అప్పుడు అమ్మీ, బేటీ కలిసి హంజాను సొంత ఇంట్లోనే కట్టేస్తారు. అక్కడి నుంచి వాళ్ల భయాలు, అబద్ధాలు, పోలీసుల ముందు తడబాట్లు చూస్తూ మనం నవ్వుతాం. నవ్వుతూ ఉలిక్కిపడతాం.

మొదటి ఎతరాజ్: బద్నామీ. ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. మన ఆడవాళ్ల కన్నీళ్లను చూపించి మన మీదికే రాళ్లేసే రాజకీయం ఈ దేశంలో ఉంది. 2019లో మూడు తలాఖుల చట్టం తెచ్చి, తలాఖ్ అన్న భర్తకు మూడేళ్ల దాకా జైలు అన్నారు. భార్యను ఊరికే వదిలేసిపోయిన మిగతా మతాల మొగుళ్లకు అట్లాంటి చట్టమేదీ లేదు. ఈ లెక్క నాకూ తెలుసు, రోజూ వార్తల్లో చూసేవాణ్ని. కానీ ఒక మాట. అదే 2022లో మలయాళంలో ‘జయ జయ జయ జయ హే’ అని ఇంకో సినిమా వచ్చింది. అందులో పెళ్లాన్ని చెంపదెబ్బలు కొట్టే మొగుడి పేరు రాజేష్, పెళ్లాం పేరు జయ. ఆమె చాటుగా ఫోన్లో చూసి కరాటే నేర్చుకుని తిరగబడుతుంది. జనం పగలబడి నవ్వారు. ఆ రాజేష్‌ను చూసి హిందువులంతా ఇంతే అని ఎవరూ అనుకోలేదు. హంజాను చూసి ముసల్మాన్లంతా ఇంతే అని ఎవరైనా అంటే ఆ రోగం అన్నవాడిది. వాడికి జవాబు చెప్పడానికి బద్రు నోరు మూయడం ఎందుకు?

అంకెలు కూడా చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన 18–49 ఏళ్ల ఆడవాళ్లలో భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. అన్ని మతాలూ కలిసిన లెక్క ఇది. భర్త ఏదో ఒక కారణానికి కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం. దెబ్బ తినేవాళ్ల చేతే సబబు అనిపించుకున్న జుల్మ్ ఇది. ఇది మన ఒక్కరి ఇంట్లో లేదు. మన ఇంట్లో లేదని మాత్రం ఖసమ్ వేయలేం.

రెండో ఎతరాజ్: ఖూన్ నేర్పుతుంది. సినిమా వచ్చినప్పుడు బయటి మగాళ్లు కూడా ఇదే మాట పట్టుకుని ఆలియా భట్‌ను బాయ్‌కాట్ చేయాలని సోషల్ మీడియాలో గోల చేశారు. ఈ ఒక్క సంగతిలో మాత్రం మన చాచాలకూ వాళ్లకూ గట్టి ఇత్తెహాద్ కుదిరింది, మాషా అల్లాహ్. వీళ్లలో ఎంతమంది ఆఖరుదాకా చూశారో గానీ, ఆఖర్లో బద్రు హంజాను చంపదు. పట్టాల దగ్గర దాకా తీసుకుపోయి, వీడిని చంపితే నేనూ వీడిలాంటిదాన్నే అవుతానని వదిలేస్తుంది. ఆ తర్వాత రైలు వచ్చింది, అది వేరే సంగతి. అతన్ని కట్టేసి కొట్టిన సీన్లు చూస్తుంటే నాకూ ఇబ్బందే అయింది. జుల్మ్ ఎవరు చేసినా జుల్మే. అయితే ఆ ఇబ్బంది మొదటి అరగంటలో హంజా కొడుతుంటే అంత కాలేదు. అలవాటైన దృశ్యం కదా. నా మీద నాకే షరమ్ వేసింది.

ఆమె చేతికి తాడు రావడానికి ముందు ఎన్ని దర్వాజాలు మూసుకున్నాయో లెక్కపెట్టండి. మన మొహల్లాల్లో ఆ దర్వాజాల కాపలాదారులం మనమే. దెబ్బలు తిని మైకాకు వస్తే అమ్మీ అంటుంది: సబర్ కరో బేటీ. అబ్బా అంటాడు: ఖాందాన్ ఇజ్జత్. పెద్దలు అంటారు: ఘర్ కీ బాత్ ఘర్ మే. సబర్ అల్లాహ్ మోమిన్‌లందరికీ చెప్పిన గుణం. గుస్సా వచ్చిన మగాడికి అది వర్తించదా? మనం దాన్ని దుల్హన్ జహేజ్ పెట్టెలో పెట్టి పంపేశాం.

రసూలుల్లాహ్ (స) ఏ ఔరత్ మీదా ఎన్నడూ చెయ్యెత్తలేదని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన హదీస్ సహీ ముస్లింలో ఉంది. సాబిత్ బిన్ ఖైస్ బీవీ వచ్చి, ఆయన దీన్‌లో గానీ అఖ్లాఖ్‌లో గానీ ఐబ్ లేదు, అయినా ఉండలేనంటే, మెహర్‌గా తీసుకున్న తోట తిరిగిప్పించి విడిపించారు. ఇది సహీ బుఖారీలో ఉంది. దెబ్బలు కూడా లేవు అక్కడ. ఇవాళ పక్కటెముక విరిగినామె ఖులా అడిగితే, “మియా రాజీయేనా?” అని తిప్పుతారు. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది, ఖులాకు భర్త ఒప్పుకోలు అక్కర్లేదని. మన బుఖారీలో ఉన్న సంగతిని మనకు కోర్టు యాద్ చేయాల్సి రావడం, అసలు బద్నామీ అంటే అదీ.

ఇతరుల మీదే ఎందుకు, నా సంగతీ చెప్తాను. జర్నలిజంలోకి కొత్తగా వచ్చినప్పుడు జిల్లా పేజీలో క్రైమ్ వార్తలు రాసేవాణ్ని. ఒంటి నిండా వాతలతో ఒక ఔరత్ చచ్చిపోతే “కుటుంబ కలహాలతో వివాహిత మృతి” అని రాశాను. ఒక్కసారి కాదు. కలహం అంటే ఇద్దరు కొట్టుకోవడం. ఆమె ఎవరినీ కొట్టలేదు. అదే ఔరత్ షోహర్‌ను చంపిందంటే “కిరాతక భార్య” అని పెద్దక్షరాలు. డెస్క్‌లో ఎవరూ దిద్దలేదు. నాకూ తట్టలేదు.

ఆడవాళ్ల చీకటి నవ్వు మనకు కొత్తా? చిన్నప్పుడు బావర్చీఖానాలో మా ఫుప్పూలు, ఖాలాలు కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ, “ఈసారి ఆయన సాలన్‌లో ఎలుకల మందు చిటికెడు ఎక్కువ వేస్తా” అని ఒకరంటే, “చిటికెడు చాలదు ఆపా, ఆయన గట్టి మనిషి” అని ఇంకొకరు అని, పడీపడీ నవ్వేవారు. గడప దగ్గర మగాడి చెప్పుల చప్పుడు కాగానే నవ్వు టక్కున ఆగిపోయేది. వాళ్లెవరూ ఎవరినీ చంపలేదు. ఆ నవ్వు, ఆ సహేలీల దోస్తీ లేకపోతే వాళ్లలో కొందరు వాళ్లే చచ్చిపోయేవారు. ‘డార్లింగ్స్’లో బద్రుకు ఒక అమ్మీ ఉంది, రాత్రి ఏ వేళైనా తలుపు తీసే అమ్మీ. తానూ అదే నరకం దాటొచ్చిన మనిషి. సినిమాలో నన్ను పట్టుకున్నది ఆ దోస్తీ. మన బిడ్డలకు అంతమాత్రం తలుపైనా తెరిచి పెడితే ఏ బద్రుకూ తాడు అవసరం రాదు.

రిష్తాలు చూస్తున్న ఇళ్లవాళ్లకు నాదొక గుజారిష్. అబ్బాయి జీతం, ఫ్లాటు అడిగినట్టే గుస్సా వస్తే ఏం చేస్తాడో అడగండి, అతని బెహన్‌లను అడగండి. నికాహ్‌నామాలో షర్తులు రాయించండి, షరియత్ కాదనదు. 2005 గృహహింస చట్టం అన్ని మతాల ఆడవాళ్లకూ ఉంది, 181కి ఫోన్ చేయొచ్చు అని పంపేటప్పుడే బిడ్డ చెవిలో వేయండి. జుమ్మా ఖుత్బాలో మగాళ్ల సబర్ మీద కూడా ఒక్కసారి బయాన్ పెట్టమని మీ మస్జిద్ కమిటీని అడగండి.

భాంజీ తీసేసిన ఆ మెసేజ్‌ను నిన్న నేనే మళ్లీ గ్రూపులో పెట్టాను. మగాళ్లెవరూ పలకలేదు. ఇవాళ ఫజర్ తర్వాత దువా ఒక్కటే వచ్చింది. మధ్యాహ్నం మా ఆపా ఫోన్ చేసింది, దుల్హే భాయి ఇంటావిడే. అదీ ఇదీ మాట్లాడి, ఆఖర్లో గొంతు తగ్గించి అడిగింది:

“ఆ సినిమా ఫోన్లో ఎట్ల చూడాలిరా?”