మన ఇల్లు, మన పొలము: మల్లి ఎడమ కన్ను



"గుర్రము గుడ్డిదైనా దాణా తప్పదు" అని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. పని చేయలేని దానికి కూడా తిండి పెట్టక తప్పదు గదా అని విసుగుతో అనే మాట అది. మేమూ ఎన్నోసార్లు నవ్వుతూ ఆ మాట అన్నవాళ్లమే. నిరుడు ఆ సామెత మా ఇంటిలో అక్షరాలా జరిగింది. అప్పటి నుండి మేము దానిని నవ్వుతూ అనడము మానివేశాము. ఆ సంగతి ఈ నెల మీతో చెప్పుకొంటాము.

మాకున్నది నాలుగెకరాల పొలము. మూడెకరాలలో వరి, దాని వెనుక మినుము. మిగిలిన ఎకరములో పశుగ్రాసము, పాక, వెదురు దడి కట్టిన చిన్న మైదానము. ఆ మైదానములో శనివారాలు, సెలవు దినాలు పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పుతున్నాము. "వ్యవసాయదారులకు గుర్రాలెందుకు?" అని అడిగేవారు చాలామంది. మాలో ఒకరి తండ్రి జట్కా తోలి కుటుంబాన్ని పోషించారు. ఆటోలు వచ్చిన తరువాత జట్కాలు పోయాయి. ఆయన కుమారుడు హైదరాబాదు వెళ్లి, మలక్‌పేటలోని పందెపు మైదానము దగ్గర గుర్రపు శాలలలో ఇరవై ఏళ్లు పని చేశాడు. తిరిగి ఊరికి వచ్చేటప్పుడు కూడబెట్టిన డబ్బుతో పాటు గుర్రాల మీది ప్రేమ కూడా వెంట వచ్చింది.

ఇప్పుడు మా పాకలో మూడు గుర్రాలున్నాయి. ఒకటి పందెాల నుండి విరమించిన మగ గుర్రము. ఒకటి చిన్నపిల్లల కొరకు పెట్టుకొన్న పొట్టి గుర్రము. మూడవది మల్లి. గోధుమ రంగు ఆడ గుర్రము, నుదుట మల్లెమొగ్గంత తెల్లని మచ్చ. వయస్సు ఇరవై దాటింది. బాగా చూచుకొంటే గుర్రాలు పాతిక, ముప్ఫై ఏళ్లు బ్రతుకుతాయి. మా దగ్గర స్వారీ నేర్చుకొన్న పిల్లలలో చాలామంది మొదట ఎక్కినది మల్లినే.

పందెపు గుర్రముండగా ముసలిదాని మీద నేర్పడమెందుకని అడుగుతారు. కొత్తవారు భయపడితే పగ్గము గట్టిగా లాగుతారు. లాగితే గుర్రము ఆగుతుందని మనము అనుకొంటాము. కాని పందెములో పెరిగిన గుర్రానికి నోటిలోని కళ్లెము బిగుసుకోవడము పరుగెత్తమని చెప్పినట్లే. అది కళ్లెము మీదికి వాలి ఇంకా వేగము అందుకొంటుంది. దానికి ఆ పాత అలవాటు మాన్పి కొత్త పాఠము చెప్పడానికి మాకు ఏడాదికి పైగా పట్టింది. మల్లి అలా కాదు. పైన కూర్చున్న పిల్లవాడు ఒక ప్రక్కకు జారుతుంటే తానే నడక తగ్గించి నిలిచిపోయేది.

మా దగ్గరకు వచ్చిన పిల్లలను మొదటి రోజున గుర్రము ఎక్కించము. మొదటి రెండు వారాలు పాక ఊడ్చడము, నీళ్లు పెట్టడము, ఒళ్లు తోమడము, గిట్టలలోని మట్టి తీయడము మాత్రమే. ఒక్కొక్క గుర్రము రోజుకు ఇరవై అయిదు, ముప్ఫై లీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండకాలములో ఇంకా ఎక్కువ. దాని శరీరము పెద్దదైనా కడుపు చిన్నది. అందువలన ఒక్కసారి బానెడు దాణా పెట్టకూడదు. రోజంతా గడ్డి నములుతూ ఉండాలి. ఉలవలు మన ప్రాంతములో గుర్రాలకు తరతరాలుగా పెడుతున్న మేతే, కాని వాటిని ఉడకబెట్టి, కొలతగా పెట్టాలి. గుర్రము వాంతి చేసుకోలేదు. తిన్నది పడకపోతే పైకి వచ్చే దారి లేదు. అందుకే కడుపునొప్పి వచ్చి పొర్లే గుర్రానికి ప్రతి గంటా ప్రాణగండమే. మేత మార్చాలన్నా ఒక్కరోజున మార్చము, వారము పది రోజులలో కొద్దికొద్దిగా మారుస్తాము.

తరువాతి పాఠము చూపును గురించినది. గుర్రము కన్నులు తలకు రెండు ప్రక్కల ఉంటాయి. అందువలన అది తన చుట్టూ ఇంచుమించు అంతా చూడగలదు. తోక వెనుక, నుదుటికి సరిగ్గా ఎదుట మాత్రము దానికి కనబడదు. ఆ వెనుక వైపు నుండి చప్పుడు లేకుండా వస్తే తన్నడము దాని తప్పు కాదు, వచ్చినవాని తప్పు. కాబట్టి భుజము వైపు నుండి, మాట్లాడుతూ రావాలి. "నేను వస్తున్నాను మల్లీ" అని పిల్లలందరి చేత చెప్పిస్తాము. గుర్రము ఎక్కడము ఎడమ ప్రక్క నుండి. తలకు హెల్మెట్, కాలికి మడమ ఉన్న బూటు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వము. మడమ లేని చెప్పు రికాబులో నుండి ముందుకు జారితే, పడిన మనిషి కాలు అందులో చిక్కుకొని గుర్రము ఈడ్చుకొని పోతుంది.

స్వారీకి కండబలము కావాలని తండ్రులు అనుకొంటారు. నాలుగు వందల కిలోల జంతువును బలముతో గెలవగల మనిషి ఎవడు? వారికి మేము డెన్మార్కు దేశపు లిస్ హార్టెల్ గారి సంగతి చెబుతాము. ఆమె 1944లో గర్భవతిగా ఉండగా పోలియో వచ్చి మోకాళ్ల క్రింద కాళ్లు చచ్చుబడ్డాయి. గుర్రము ఎక్కించడానికి, దించడానికి మరొకరి సాయము కావలసి వచ్చేది. అటువంటి ఆమె 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో పురుషులతో కలిసి పోటీపడి డ్రెస్సేజ్ అనే స్వారీ విద్యలో వెండి పతకము పొందింది. 1956లో స్టాక్‌హోములో మరల వెండి పతకమే. కాళ్లతో చెప్పలేనిది కూర్చున్న తీరుతో, ఒంటి బరువుతో చెప్పడము ఆమె తన గుర్రానికి నేర్పింది. గుర్రము వీపు మీద ఈగ వాలినా తెలుసుకొంటుంది. నెమ్మదిగా చెబితే వింటుంది.

ఇవన్నీ పిల్లలకు చెప్పే మేమే ఒక పాఠము తప్పాము.

నిరుడు ఫిబ్రవరిలో మల్లి ఎడమ కంటి నుండి నీరు కారడము చూచాము. రెప్ప సగము మూసుకొని, వెలుతురు వైపు చూడలేక తల త్రిప్పుకొనేది. అప్పుడు మినుము తీత జరుగుతున్నది. కూలివాళ్లు దొరకడము కష్టముగా ఉన్నది. "దుమ్ము పడి ఉంటుంది, ఈగలు ముసిరి ఉంటాయి" అని చల్లని నీళ్లతో కడిగి ఊరుకొన్నాము. నాలుగైదు రోజులకు తగ్గినట్లే కనబడింది. తరువాత మరల వచ్చింది. మరల కడిగాము. పశువుల డాక్టరుగారికి ఫోను చేయాలని ఒకరితో ఒకరము అనుకొంటూనే మూడు వారాలు గడిపాము.

ఆ తరువాతి శనివారము పదకొండేళ్ల అమ్మాయి మల్లి మీద ఉన్నది. నడక దాటి దుల్కీ నేర్చుకొంటున్నది. మైదానము దడికి ఎడమ ప్రక్క నుండి ఒక ఎరువుల సంచి గాలికి ఎగిరి వచ్చి మల్లి కాలికి తగిలింది. ఎన్నో సంచులు చూచిన గుర్రము అది. కాని ఆ వేళ ఒక్కసారిగా కుడి వైపునకు ఎగిరి దూకింది. అమ్మాయి ఎడమ ప్రక్కకు పడిపోయింది. హెల్మెట్ ఉండబట్టి తలకు ఏమీ కాలేదు. కాని మణికట్టు ఎముక విరిగింది.

మరునాడు డాక్టరుగారు వచ్చి మల్లి కంటిలోనికి లైటు వేసి చూచారు. ఆ కన్ను ఇంచుమించు చూపు కోల్పోయిందని చెప్పారు. కంటి లోపల వాపు వచ్చి తగ్గుతూ, మరల వస్తూ ఉండే జబ్బు అది. ప్రపంచములో గుర్రాలు గుడ్డివి కావడానికి ఉన్న ముఖ్య కారణాలలో అది ఒకటి. ఎలుకల మూత్రము వలన నీటిలో, మేతలో చేరే లెప్టోస్పైరా క్రిములకు ఆ జబ్బుతో సంబంధమున్నదట. "మొదటి రోజే పిలిచి ఉంటే కొంత చూపు నిలిచేదేమో" అని మాత్రమే అన్నారు. ఆయన మమ్మల్ని తిట్టి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అమ్మాయి తండ్రి సంచిదే తప్పనుకొంటున్నారు. "గాలికి ఎవరేమి చేస్తారు బాబాయిగారూ" అని ఆసుపత్రిలో ఆయనే మాకు ధైర్యము చెప్పారు. కన్ను సంగతి ఆయనకు తెలియదు. మేము చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. చెబితే ఆ మాట ఊరంతా ప్రాకి పిల్లలు రావడము మానుకొంటారు. పిల్లలిచ్చే ఫీజు మీదనే మూడు గుర్రాల దాణా, నాడాలు, మందులు గడుస్తున్నాయి. మాలో ఒకరము "రేపు చెబుదాము" అన్నాము. "రేపు రేపు అనే మల్లి కన్ను పోగొట్టాము" అని రెండవవారము అన్నాము. ఆ మాటకు జవాబు లేదు. తెల్లవారగానే ఇద్దరమూ వెళ్లాము.

ఆయన అంతా విన్నారు. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మూడు వారాలు తెలిసి ఊరుకొన్నారా?" అని అడిగారు. అవునన్నాము. వైద్యము ఖర్చు మేమే పెట్టుకొంటామన్నాము. ఆయన తీసుకొన్నారు. తీసుకోవడమే న్యాయము. మిగిలిన తల్లిదండ్రులకు కూడా మేమే ఇంటింటికి వెళ్లి చెప్పాము. పన్నెండు మంది పిల్లలలో ఐదుగురు మానివేశారు.

అదే నెలలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు త్రిప్పే బేరగాడు ఒకడు వచ్చాడు. మల్లి నుదుటి మచ్చ అతనికి నచ్చింది. ఆ వేసవి దాణా ఖర్చంతా తీరేటంత ధర చెప్పాడు. "ఒక కన్ను లేకపోతేనేమి, పూలదండలు వేస్తే ఎవరికి కనబడుతుంది?" అన్నాడు. మాకు ఆశ కలగలేదని చెబితే అబద్ధమవుతుంది. కాని బ్యాండు మేళము, బాణసంచా, కన్నులు మిరుమిట్లు గొలిపే లైట్లు, వాటి మధ్య ఎడమ ప్రక్క చీకటిగా ఉన్న ముసలి గుర్రము! అది బెదిరితే పెళ్లికొడుకుకూ ప్రమాదమే, ప్రక్కన నడిచే పిల్లలకూ ప్రమాదమే. ఒక ఇంటి బిడ్డ చేయి విరగడము చూచి, మరొక ఇంటికి ఆ ప్రమాదాన్ని అమ్ముకోవడము ఎలాగ? అతనిని పంపివేసి, ఆ సంవత్సరము అరటి గెలలు అమ్మగా వచ్చిన డబ్బు దాణాకు పెట్టాము.

ఇప్పుడు మల్లి మీద ఎవరినీ ఎక్కించము. దాని నీళ్ల తొట్టి, మేత తొట్టి ఉన్న చోటు నుండి కదల్చము, ఎందుకంటే అది వాటిని జ్ఞాపకముతో వెదకుకొంటుంది. దాణా ఎలుకలు చేరని ఇనుప డబ్బాలలో పెట్టాము. వారానికి ఒకసారి మూడు గుర్రాల కన్నులూ చూచి, తేదీతో పుస్తకములో వ్రాస్తున్నాము. పొట్టి గుర్రాన్ని మల్లికి ఎడమ ప్రక్కన కట్టుతాము. ఆ ప్రక్క నుండి దాని అలికిడి వినబడితే మల్లి చెవి అటు త్రిప్పి నెమ్మదిగా ఉంటుంది.

రెండు నెలల తరువాత ఒక శనివారము ఆ అమ్మాయి తండ్రితో వచ్చింది. కట్టు విప్పారు, చేయి ఇంకా సన్నగా ఉన్నది. మేము ఏమీ అనక ముందే మల్లి వైపు నడిచింది. ఎడమ ప్రక్క నుండి వెళ్లబోయి ఆగింది. చుట్టు తిరిగి, కన్ను ఉన్న ప్రక్కకు వచ్చి, "నేను వస్తున్నాను మల్లీ" అన్నది. మల్లి తల వంచింది. ఆమె తండ్రి మా వైపు చూచి, "స్వారీ సంగతి తరువాత చూద్దాము బాబాయిగారూ, ముందు దానికి గడ్డి వేయనివ్వండి" అన్నారు. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకు మొదటి పాఠము ఆ అమ్మాయే చెబుతున్నది. మల్లి దగ్గర నిలబడి, ఎటు నుండి రావాలో, ఎందుకు మాట్లాడుతూ రావాలో చూపిస్తుంది. వీపు మీద మోయలేని మల్లి ఇంకా పాఠము చెబుతూనే ఉన్నది.

మీ ఇంటిలో గుర్రము ఉండకపోవచ్చు. ఆవో, గేదెయో, మేకయో ఉంటుంది. దాని కన్ను నీరు కారుతుంటే, ఒక పూట మేత ముట్టకపోతే, పంట పనులు ఉన్నవని వాయిదా వేయకండి. ఆ రోజే డాక్టరుగారిని పిలవండి. గుర్రమును కొనదలచినవారు బేరము కుదరక ముందే పశువైద్యునిచేత కన్నులు, గిట్టలు చూపించి, గ్లాండర్స్ జబ్బుకు రక్తపరీక్ష చేయించండి. అది మనుషులకు కూడా సోకే ప్రాణాంతకమైన జబ్బు. ఇక పొరపాటు జరిగితే, ఎదుటివారికి తెలియక ముందే మీరే వెళ్లి చెప్పండి. మాకు పోయిన ఐదుగురు పిల్లలలో ముగ్గురు తిరిగి వచ్చారు. ఆ ముగ్గురి తల్లిదండ్రులూ ఒకే మాట అన్నారు: "మీరు దాచరని తెలిసింది, అందుకే పంపుతున్నాము."

ఈ మాటలు వ్రాస్తుండగా పాకలో మల్లి కాలితో నేల తట్టుతున్నది. సాయంకాలము ఐదు గంటలైనది. గుర్రము గుడ్డిదైనా దాణా తప్పదు. వెళ్లి ఉలవలు దించాలి.