రుచి చూడకుండానే రేటు

మొన్న ట్రాక్టర్ రిపేరుకని ఆటోనగర్‌లో ఓ పూటంతా కూర్చున్నానండి. పక్కన నాసిక్ నుంచి వచ్చిన లారీ డ్రైవరు. వాళ్ల వైపు ద్రాక్షతోటల్లోనే వైన్ రుచి చూపిస్తారట. నాలుగు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి పోల్చుకోమంటారు. దానికి జనం డబ్బులిచ్చి మరీ వెళ్తారు! ఫ్రాన్స్‌లో అయితే షాంపేన్ అనే ప్రాంతం వైన్‌కి తప్ప ఇంకోదానికి ఆ పేరే పెట్టనివ్వరు.

మరి మన రసాలు? కాయ సైజూ, మచ్చా చూసి టన్ను లెక్కన రేటు కట్టేస్తారు. పచ్చికాయని ఎవడు రుచి చూస్తాడంటారా, నిజమే. బంగినపల్లికి 2017లో జీఐ వచ్చింది, సంతోషం. కానీ నూజివీడు కాయకీ, ఆగిరిపల్లి కాయకీ తేడా కొనేవాడి నాలిక్కి తెలియాలి కదా.

మేలో ఓ ఆదివారం బెజవాడలో బల్ల వేద్దాం. చిన్న రసాలు, పెద్ద రసాలు ఊరివారీగా గ్లాసుల్లో పిండి పెడదాం. నా తోట కాయ ఓడిపోయినా ఫర్లేదు. ఎవరెవరు కాయలు తెస్తారో చెప్పండి.