బడి మానిన బిడ్డకు బాధ్యులెవరు?

బడిలో నుండవలసిన బిడ్డ మలక్‌పేట గంజ్ మార్కెటులో ఉల్లిగడ్డల సంచుల నడుమ కనబడినప్పుడెల్ల, తలిదండ్రులకు జరిమానా వేయరాదా యని యడుగువారు మన హైదరాబాదు నగరమున తక్కువ కారు. ఆ మాట ధర్మాగ్రహమువలె వినబడును గాని, దాని నమలుపరచుట అన్యాయము.

2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము బిడ్డను బడిలో చేర్చుట తలిదండ్రుల విధియని పదవ సెక్షనున చెప్పెను. శిక్షను మాత్రము చెప్పలేదు. నిర్బంధ విద్య యందలి నిర్బంధ మెవరిపైననో ఎనిమిదవ సెక్షను స్పష్టపరచుచున్నది: ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలు బడిలో చేరుటయు, హాజరగుటయు, చదువు ముగించుటయు చూడవలసినది ప్రభుత్వమే. తొమ్మిదవ సెక్షను ఆ భారమునే స్థానిక సంస్థపై మోపి, తన పరిధిలోని బిడ్డలందరి పట్టిక నుంచుకొమ్మని శాసించుచున్నది. తన విధిని మరచినవాడు పరుని విధిని గూర్చి దండము పట్టుట యెట్లు?

తెల్లవారకముందే కూలికి వెడలు తల్లి చంటివానిని పెద్దపిల్ల కప్పగించి పోవును; ఆ పిల్ల బడి మానును. జరిమానా సొమ్మును ఆ తల్లి యెక్కడనుండి తెచ్చును? రెండవ బిడ్డను గూడ పనికి పంపియే గదా! ఇంగ్లండున 2024 ఆగస్టు నుండి తలిదండ్రులలో నొక్కొక్కరికి 80 పౌండ్లు విధించుచున్నారన్నది నిజమే. ఆ జరిమానాలలో నధికభాగము బడి నడచు దినములలో విహారయాత్రలకు పోయినవారిపైననే పడుచున్నది. అది వేరు రోగమునకు మందు. బడి మాన్పించి దిల్‌సుఖ్‌నగరు కోచింగు సెంటరులో బిడ్డను కూర్చుండబెట్టు కలిగినవారి జోలికి మన జరిమానావాదులు పోకుండుటయు గమనింపదగినదే.

ఎల్బీనగరము చేరియున్న రంగారెడ్డి జిల్లాలోనే ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హాగారి నాయకత్వమున, పనిలో నున్న బిడ్డలను శిబిరములలో నుంచి, చదువు పట్టుబడిన పిదప వయస్సునకు దగిన తరగతులలో చేర్పించినది. పేదలకు చదువుపై ఆసక్తి లేదను వాదమును ఇంటింటికి పోయి, తలిదండ్రులను ఒప్పించి, త్రోసిపుచ్చినది. ఆమెకు 2003లో మెగసెసె పురస్కారము లభించిన దందులకే.

కావున మేము కోరునది వేరు. బస్తీలవారీగా పట్టిక సిద్ధము కావలయును. ఇండ్లు కట్టుచోట గుడారములలో నుండు వలసకూలీల బిడ్డలు సైత మందు చేరవలయును. వరుసగా రాని బిడ్డ యింటికి ఉపాధ్యాయుడు పోవలయును. తల్లి తిరిగివచ్చువరకు అంగన్వాడీ తెరచియుండవలయును. దండన తప్పదన్నచో, 2016 నాటి బాలకార్మిక చట్ట సవరణము 20,000 మొదలు 50,000 రూపాయల వరకు జరిమానాను, ఆరు నెలల నుండి రెండేండ్ల కారాగారమును ఎవరికై నిర్దేశించెనో వారికే, అనగా పదునాలుగేండ్లు నిండని బిడ్డను పనిలో పెట్టుకొన్న యజమానికే, తొలి నోటీసు పోవలయును.